ముద్ర మనదే, రాత మనది కాదు

పోయినేడు వానాకాలంలో మా ఆశ్రమ పాఠశాలలో సికిల్‌సెల్ పరీక్షలు జరిగాయి. పిల్లలు వరసగా నిలబడ్డారు. వేలి కొసకు సూది గుచ్చి ఒక చుక్క నెత్తురు తీసుకున్నారు, పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు ఎక్కించుకున్నారు. రెండు రోజుల్లో పని అయిపోయింది. మూడో రోజు పొద్దున వలస గూడెం నుంచి ఒక తండ్రి వచ్చాడు. ఛత్తీస్‌గఢ్ నుంచి ఇటు వచ్చి పదిహేనేళ్లు దాటిన కుటుంబం. కోయలోనే అడిగాడు.

"మా పిల్ల నెత్తురు ఏడికి పోయింది సారూ? ఠాణాకు పోద్దా?"

నాకు నవ్వొచ్చింది. "లేదు మామా, ఇది జబ్బు పరీక్ష. దవాఖానాకు పోద్ది" అన్నాను.

"అక్కణ్ణుంచి?" అన్నాడు.

ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు.

ఆ తరవాత వేసవిలో మన యువకుల శిక్షణ తరగతిలో ఒక చర్చ పెట్టాం. నేరాలు తేల్చడానికి ప్రభుత్వం దేశంలోని ప్రతి మనిషి డీఎన్‌ఏ తీసుకుని ఒకచోట దాచాలా, వద్దా అని. ఎక్కువమంది వద్దంటారని నేను అనుకున్నాను. కానీ నా పాత విద్యార్థి ఒకడు, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు, లేచి గట్టిగా దాచాలన్నాడు. వాడి మాట ఇది: "సార్, ఇప్పుడు ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మన గూడేనికే వస్తారు. అనుమానం మన మీదే. అందరిదీ ఉంటే అనుమానం అందరి మీదా సమానంగా ఉంటది. ఎమ్మెల్యే కొడుకుది, ఎస్సైది, మనది ఒకే పుస్తకంలో ఉంటే మనకే మంచిది కదా." తరగతి చప్పట్లు కొట్టింది. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఈ వ్యాసం వాడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ముందు వాడి వాదనకు దక్కాల్సిన గౌరవం దక్కనివ్వాలి. ఇది అమాయకపు వాదన కాదు. ఇంగ్లండ్‌లో అప్పీలు కోర్టు న్యాయమూర్తి స్టీఫెన్ సెడ్లీ 2007లో దాదాపు ఇదే మాట అన్నాడు. అక్కడ 1995 నుంచి జాతీయ డీఎన్‌ఏ భాండాగారం ఉంది. పోలీసులు పట్టుకున్నవాళ్ల డీఎన్‌ఏ అందులోకి పోతుంది. పోలీసులు ఎవరిని ఎక్కువ పట్టుకుంటారు? నల్లవాళ్లను. కాబట్టి పుస్తకంలో వాళ్లే ఎక్కువ ఉంటారు, మళ్లీ నేరం జరిగితే వాళ్లే ముందు దొరుకుతారు. ఈ అన్యాయం పోవాలంటే దేశంలో ఉన్న అందరిదీ, వచ్చిపోయే వాళ్లది కూడా తీసుకోవాలని ఆయన అభిప్రాయం. మన పిల్లవాడు ఆయన పేరు విని ఉండడు. అయినా తన అనుభవంలోంచి అక్కడికే చేరుకున్నాడు.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. డీఎన్‌ఏతో నేరం తేల్చిన మొట్టమొదటి కేసులో ఆ పరీక్ష ముందుగా చేసిన పని ఒకణ్ణి పట్టుకోవడం కాదు, ఒకణ్ణి విడిపించడం. ఇంగ్లండ్‌లోని లెస్టర్ దగ్గర 1983లో ఒకమ్మాయి, 1986లో ఇంకొకమ్మాయి హత్యకు గురయ్యారు. 17 ఏళ్ల కుర్రవాడు ఒకడు ఒక హత్య తానే చేశానని పోలీసుల ముందు ఒప్పుకున్నాడు. అదే ఊళ్లో విశ్వవిద్యాలయంలో డీఎన్‌ఏ ముద్రను 1984లో కనిపెట్టిన అలెక్ జెఫ్రీస్ పరీక్ష చేసి, రెండు హత్యలూ ఒకడే చేశాడు, వాడు ఈ కుర్రవాడు కాదు అని తేల్చాడు. చేయని నేరం ఒప్పుకోవడమంటే ఏమిటో మన గూడేల్లో ఎవరికీ వివరించనక్కర లేదు. ఆ పరీక్ష మనకు శత్రువు కాదు.

ఆ కేసు రెండో సగం కూడా వినాలి. నిజమైన హంతకుణ్ణి పట్టుకోవడానికి చుట్టుపక్కల ఊళ్లలో సుమారు 5,000 మంది మగవాళ్ల నెత్తురు తీశారు. చివరికి దొరికాడు, కానీ నెత్తురు వల్ల కాదు. వాడు తన బదులు తోటి పనివాణ్ణి పంపి నెత్తురు ఇప్పించాడు. ఆ పనివాడు కల్లు దుకాణంలాంటి చోట నోరు జారితే, విన్నవాళ్లు పోలీసులకు చెప్పారు. 5,000 మంది ఇచ్చిన నెత్తురులో దొరకనివాడు ఒక మాటలో దొరికాడు. ఆ తరవాతే డీఎన్‌ఏ కలిసింది.

ఇక్కడ డీఎన్‌ఏ గురించి మన టీచర్లకు పనికొచ్చే ఒక తేడా చెప్పాలి. పోలీసులు దాచేది రెండు రకాలు. ఒకటి నమూనా, అంటే నెత్తురు, ఉమ్మి, వెంట్రుక కుదురు. రెండోది దాన్నుంచి తీసిన ప్రొఫైల్. డీఎన్‌ఏలో కొన్ని నిర్ణీత చోట్ల ఒకే ముక్క ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో లెక్కపెట్టి రాసిన అంకెల వరస అది. అంకెల వరసలో పెద్దగా ఏమీ ఉండదు, గుర్తుపట్టడానికే అంటారు. చాలావరకు నిజమే. కానీ నమూనాను కూడా ఫ్రిజ్‌లో దాస్తే, అందులో మన జబ్బులు, మన పుట్టుక, మన చుట్టరికం అన్నీ ఉంటాయి. ఇవాళ చదవనివి రేపు చదవొచ్చు. అందుకే ఇంగ్లండ్ 2012లో చట్టం మార్చి, ప్రొఫైల్ తీశాక నమూనాను ఆరు నెలల్లో నాశనం చేయాలని రాసుకుంది. ఊరికే రాసుకోలేదు. 11 ఏళ్ల వయసులో అరెస్టయి నిర్దోషిగా బయటపడిన ఒక పిల్లవాడి తరఫున, కేసే ఎత్తేసిన ఇంకొకరి తరఫున యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా పోతే, 2008 డిసెంబరులో 17 మంది న్యాయమూర్తులు ఒకే గొంతుతో ఇది తప్పని చెప్పాకే రాసుకుంది. తరవాత పది లక్షలకు పైగా నిర్దోషుల ప్రొఫైళ్లు తీసేశారు. డీఎన్‌ఏ ముద్రను కనిపెట్టిన జెఫ్రీసే నిర్దోషులవి దాచొద్దని ఎన్నాళ్ల నుంచో చెబుతున్నాడు.

అందరిదీ తీసుకోవాలన్న చట్టం నిజంగా చేసింది కువైట్. 2015లో మసీదులో బాంబు పేలాక, పౌరులు, పనికి వచ్చినవాళ్లు, చూడ్డానికి వచ్చినవాళ్లు అందరూ ఇవ్వాల్సిందే అంది. ఇవ్వకపోతే జైలు. మన తెలుగు జిల్లాల నుంచి ఆ దేశానికి ఇళ్లల్లో పనికి, డ్రైవర్లుగా పోయినవాళ్లు ఎందరో మీకు తెలుసు. వాళ్లూ అందులోకి వచ్చేవాళ్లే. 2017లో అక్కడి రాజ్యాంగ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. చైనాలో షింజియాంగ్ ప్రాంతంలో చట్టం పేరు కూడా ఎత్తలేదు. అక్కడి వీగర్ ముస్లిములున్న ఊళ్లల్లో 12 నుంచి 65 ఏళ్ల వాళ్ల డీఎన్‌ఏ సేకరిస్తున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2017లో బయటపెట్టింది. ఎలా సేకరించారు? ఉచిత ఆరోగ్య శిబిరాలు పెట్టి. అది చదివిన రోజు నాకు ఆ తండ్రి "అక్కణ్ణుంచి?" అన్న మాట గుర్తొచ్చింది. నేను నవ్వినందుకు సిగ్గేసింది.

మన దగ్గర శిబిరం నెత్తురు ఠాణాకు పోతున్నదని నేను అనడం లేదు. అలాంటిది నాకు కనపడలేదు. సికిల్‌సెల్ పరీక్ష డీఎన్‌ఏ పరీక్ష కూడా కాదు. నేను అంటున్నది ఇంతే: ఆ మనిషి అడిగిన ప్రశ్న పిచ్చి ప్రశ్న కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. డీఎన్‌ఏ అబద్ధం చెప్పదంటారు. మన తాతలకు ఇదే మాట వేలిముద్ర గురించి చెప్పారు. తెలుగులో వేలిముద్ర అనే మాటకు రెండు అర్థాలున్నాయి, చూడండి. ఒకటి సాక్ష్యం. రెండోది చదువు రానితనం. వాడు వేలిముద్రగాడు అంటాం. ఈ రెండు అర్థాలూ ఒకే కాగితం మీద కలుసుకున్నాయి. షావుకారి కాగితం మీద. ఏజెన్సీలో ఎన్ని ఎకరాలు ఆ కాగితాల మీద పోయాయో 1/70 చట్టం వచ్చిందంటేనే తెలుస్తుంది. కోర్టులో వేలిముద్ర పరీక్షిస్తే కచ్చితంగా తాతదే. అందులో తప్పేం లేదు. కానీ ముద్ర పైన రాసింది ఆయన చెప్పింది కాదు. ముద్ర మనదే, రాత మనది కాదు.

డీఎన్‌ఏ విషయంలోనూ సరిగ్గా ఇక్కడే మోసపోతాం. ఆ కత్తి మీద ఉన్నది నీ డీఎన్‌ఏనే అని ల్యాబు చెబుతుంది. అది కత్తి మీదకు ఎట్లా వచ్చిందో ల్యాబు చెప్పదు. ఆ కథ రాసేది దర్యాప్తు అధికారి.

అమెరికాలో కాలిఫోర్నియాలో 2012 నవంబరులో ఒక ధనవంతుణ్ణి ఆయన ఇంట్లోనే దొంగలు చంపారు. చనిపోయిన మనిషి గోళ్ల దగ్గర దొరికిన డీఎన్‌ఏ, భాండాగారంలో ఉన్న ఒక నిరుపేద, ఇల్లూ వాకిలీ లేని మనిషి డీఎన్‌ఏతో కలిసింది. పాత కేసు వల్ల అతనిది అందులో ఉంది. హత్య కేసు పెట్టారు. మరణశిక్ష పడే కేసు. నెలల తరబడి జైల్లో ఉన్నాడు. తాగితే ఏం చేస్తానో నాకే గుర్తుండదు, చేశానేమో అని అతనే అనుకున్నాడు. చివరికి అతని వకీలు పాత కాగితాలు తిరగేస్తే తేలిందేమిటంటే, ఆ రాత్రి అతను తాగి పడిపోయి ఆసుపత్రిలో ఉన్నాడు. అతన్ని అంబులెన్సులో చేర్చిన సిబ్బందే, కొన్ని గంటల తరవాత ఆ హత్య జరిగిన ఇంటికీ పోయారు. వాళ్ల చేతుల మీదుగానో, వేలికి పెట్టే చిన్న పరికరం మీదుగానో అతని డీఎన్‌ఏ అక్కడికి చేరింది.

అతన్ని కాపాడింది ఆసుపత్రి రికార్డు. ఇప్పుడు ఆ మనిషి చోట మన పోడు రైతును పెట్టి చూడండి. ఆ రాత్రి మంచె మీద పంట కాపలా ఉన్నాడు. సాక్ష్యం ఎవరు? అడవి పందులా?

మన బతుకు తీరు కూడా ఆలోచించండి. జీలుగు కల్లు ఒకే సొరబుర్రలో నుంచి పది మంది తాగుతాం. ఒకరు కాల్చిన చుట్ట ఇంకొకరు అందుకుంటారు. ఒకరి గొడ్డలి ఇంకొకరి ఇంట్లో ఉంటుంది, ఒకరి దుప్పటి ఇంకొకరు కప్పుకుంటారు. పట్నంలో తాళం వేసుకున్న గదిలో ఒంటరిగా బతికేవాడి డీఎన్‌ఏ ఎక్కడ దొరికితే అక్కడికి వాడు పోయాడనుకోవడంలో కొంత అర్థముంది. గూడెంలో ఒక్కడి వస్తువు మీద ఊరంతా ఉంటుంది.

జర్మనీలో ఇంకో వింత జరిగింది. 2007లో హైల్‌బ్రాన్ పట్నంలో ఒక మహిళా పోలీసును కాల్చి చంపారు. అక్కడ దొరికిన ఒక ఆడమనిషి డీఎన్‌ఏ, జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ దేశాల్లో సుమారు 40 నేర స్థలాల్లో దొరికిన దానితో కలిసింది. హత్యలు, దొంగతనాలు అన్నీ చేసే ఒక మాయ మనిషి ఉందని, పట్టిస్తే 3 లక్షల యూరోలు ఇస్తామని ప్రకటించారు. 2009లో తెలిసింది. ఆ డీఎన్‌ఏ నమూనాలు తీసే దూదిపుల్లల్ని ప్యాక్ చేసిన కార్మికురాలిది. ఆమెది ముందే భాండాగారంలో ఉండి ఉంటే? రెండేళ్లు ఊహల్లో వెతికిన మాయ మనిషి స్థానంలో నిజంగా ఒక కూలి మనిషి ఉండేది. అందరిదీ దాచడం వల్ల పొరపాట్లు తగ్గవు. ప్రతి పొరపాటుకూ ఒక పేరూ ఒక చిరునామా దొరుకుతాయి.

లెక్కల మాస్టార్లు పిల్లలకు ఇది చేసి చూపించొచ్చు. నేరం జరిగిన చోట దొరికింది పూర్తి ప్రొఫైలైతే, సంబంధం లేని ఇద్దరిది కలవడం దాదాపు జరగదు. కానీ మన ఎండకు, వానకు, నలుగురి నెత్తురు కలిసిన చోట దొరికేది తరచుగా సగం ప్రొఫైలే. అటువంటిది 10 లక్షల మందిలో ఒకరితో కలుస్తుందనుకోండి. అనుమానితులు ఇరవై మందే అయితే, అందులో ఒకడిది కలిస్తే అది బలమైన సాక్ష్యం. అదే 140 కోట్ల పుస్తకంలో వెతికితే 1,400 మంది కలుస్తారు. అప్పుడు పోలీసులు ఏం చేస్తారు? 1,400 మందిలో కారులో తిరిగేవాడి దగ్గరికి ముందు పోతారా, పాత అటవీ కేసు ఉన్నవాడి దగ్గరికి పోతారా? మా పాఠశాల హాజరు పట్టీలో ఒక ఇంటిపేరు, ఒక వేల్పు పేరు కలిపి పిలిస్తే నలుగురు పలుకుతారు. నేను కోప్పడేది మాత్రం ముందు బెంచీలో కనపడేవాడి మీదే.

సమానంగా ఉంటుందన్న నా విద్యార్థి మాటకు ఇక్కడే నాకు పేచీ. పుస్తకంలో పేర్లు సమానంగా ఉండొచ్చు. పుస్తకం తెరిచే చేయి సమానంగా ఉండదు. ఏ నేరానికి తెరవాలి, ఏ నేరానికి తెరవొద్దు అన్నది ఆ చేయే తేలుస్తుంది.

వాకపల్లి సంగతి మీకు తెలుసు. విశాఖ మన్యంలో, జి.మాడుగుల మండలం. 2007 ఆగస్టు 20న గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆడబిడ్డలు చెప్పారు. అక్కడ ఏ భాండాగారం కావాలి? ఆ రోజు ఆ అడవిలోకి ఏ పోలీసులు పోయారో ప్రభుత్వం దగ్గర పేర్లతో సహా ఉంది. 140 కోట్ల మందిలో వెతకాల్సిన పని లేదు. గుర్తింపు పరేడ్ పెడితే చాలు. అది పెట్టలేదు. ఆ ఆడబిడ్డలు దిగువ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా కొండలు దిగి తిరిగారు. విచారణకు నిలబడ్డ 13 మందినీ 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు అధికారులు దర్యాప్తు సరిగా చేయకపోవడమే కారణమని కోర్టే అంది, ఆ ఆడబిడ్డలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు. మనకు న్యాయం జరగకపోవడానికి కారణం సమాచారం లేకపోవడం కాదు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు దొరకలేదు.

న్యాయంగా చెప్పాలంటే నన్ను తడబెట్టిన కేసు కూడా ఒకటుంది. కాలిఫోర్నియాలో 1970లు, 80లలో వరసగా అత్యాచారాలు, హత్యలు చేసిన ఒకడు 2018లో దొరికాడు. వాడు ఒకప్పటి పోలీసు. ఇన్నేళ్లూ వాడిది ఏ భాండాగారంలోనూ లేదు. అందరిదీ ఉండి ఉంటే ఎప్పుడో దొరికేవాడు కదా సార్ అని నా విద్యార్థి అడిగితే, అవును అనాలి. అడిగాడు కూడా. అవుననే అన్నాను.

కానీ వాడు ఎట్లా దొరికాడో కూడా చూడాలి. వంశవృక్షం తెలుసుకోవడానికి సరదాగా డీఎన్‌ఏ ఇచ్చిన దూరపు బంధువుల ద్వారా దొరికాడు. అంటే ఒకడు ఇస్తే వాడి చుట్టాలంతా ఇచ్చినట్టే. బయటివాళ్లకు ఇది కొత్త. మనకు కాదు. మన కోయల్లో ఏ గట్టు వాళ్లు ఎవరు, ఏ వేల్పు ఎవరిది, ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరికి ఎవరు మేనరికం, ఇదంతా డోలీ కళాకారులు పడిగెల ముందు పాడి చెబుతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గొంతులో పలికింది అదే. అది కూడా అందరి వంశావళే. కానీ ఆ పడిగెను ఎప్పుడు విప్పాలో, ఎవరి ముందు విప్పాలో, ఎవరు పాడాలో కట్టు ఉంది. ఊరికి తెలియకుండా ఎవడూ దాన్ని విప్పలేడు.

చిన్న తెగల్లో, లోపల్లోపల పెళ్లిళ్లు చేసుకునేవాళ్లలో డీఎన్‌ఏలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. అందుకని కలయిక ఎంత అరుదో లెక్కకట్టేటప్పుడు శాస్త్రవేత్తలు ఒక దిద్దుబాటు వేస్తారు. నేను అడిగేది, ఠాణాలో ఆ కాగితం చదివే మనిషికి ఆ దిద్దుబాటు సంగతి ఎవరు చెబుతారు అని. మన కేసులు వాదించే వకీలుకు ఎవరు చెబుతారు అని.

ఒక తెగను మొత్తంగా పుస్తకంలోకి ఎక్కించడం ఈ దేశంలో ఇంతకుముందే జరిగింది. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించింది. ఎరుకల అన్నదమ్ముల పేర్లు రిజిస్టర్లలో రాశారు, వేలిముద్రలు తీసుకున్నారు, రోజూ హాజరు వేయమన్నారు, స్టూవర్టుపురం లాంటి చోట్ల సెటిల్‌మెంట్లలో పెట్టారు. వేలిముద్రల్ని వర్గీకరించే పద్ధతిని తయారుచేసింది కూడా మన దేశంలోనే, కలకత్తాలో. 1897లో అక్కడ వేలిముద్రల బ్యూరో పెట్టారు. లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లు. పేరు మాత్రం హెన్రీ దొరది. ఆ చట్టం 1952లో పోయింది. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆ మచ్చ ఇంకా పోలేదని 2024 అక్టోబరులో జైళ్లలో కులవివక్షపై తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టే ఒప్పుకుంది.

మన దేశంలో ఇప్పుడున్న చట్టాన్ని పాఠంలా చదివితే ఏం కనిపిస్తుంది? డీఎన్‌ఏ బిల్లు 2019 జనవరిలో లోక్‌సభలో గట్టెక్కి రాజ్యసభలో ఆగి, ఆ ఏడే మళ్లీ వచ్చి, స్థాయీ సంఘానికి పోయి, 2023లో వెనక్కి పోయింది. ఆ సంఘం తన నివేదికలో ఒక కులాన్నో సమూహాన్నో నేరంతో ముడిపెట్టే ప్రమాదం ఉందని రాసింది. బిల్లు పోయిందని మనవాళ్లు కొందరు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆలోపు 2022లో క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం వచ్చింది. దాని ప్రకారం అరెస్టయినవాళ్ల వేలిముద్రలు, అరచేతి ముద్రలు, కనుపాప, జీవ నమూనాలు, వాటి విశ్లేషణ తీసుకోవచ్చు. జాతీయ నేర నమోదు బ్యూరో 75 ఏళ్లు దాచుకోవచ్చు. నేరం చేసినవాళ్లదే కాదు, శాంతికి భంగం కలిగించనని పూచీకత్తు ఇమ్మన్నవాళ్లది కూడా తీసుకోవచ్చు.

ఈ చట్టంలో మన యువకులు కంఠస్థం చేయాల్సిన మాట ఒకటుంది. ఆడవాళ్లపైనో పిల్లలపైనో చేసిన నేరం కాకపోతే, ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరం కాకపోతే, అరెస్టయిన మనిషి జీవ నమూనా ఇవ్వనని చెప్పొచ్చు. పోడు కొట్టాడని, కట్టె తెచ్చాడని పట్టుకుపోయినవాడు చాలావరకు ఇందులోకి వస్తాడు. ఇవ్వనని చెప్పే హక్కు ఉంది. ఉందని వాడికి ఠాణాలో ఎవరూ చెప్పరు.

ఇంకో మాట కూడా ఉంది. ఇంతకుముందు శిక్ష పడనివాడు నిర్దోషిగా విడుదలైతే, అప్పీళ్లన్నీ అయిపోయాక రికార్డు నాశనం చేయాలి, కోర్టు కారణం రాసి వద్దంటే తప్ప. చదవడానికి బాగుంది. మన సరిహద్దు అవతల సుక్మా జిల్లాలో బుర్కాపాల్ కేసు చూడండి. 2017 ఏప్రిల్‌లో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన దాడి అది. ఆ కేసులో పట్టుకుపోయిన 121 మంది ఆదివాసీలను 2022 జులైలో కోర్టు నిర్దోషులంది. ఐదేళ్లు జైల్లో ఉన్నాక. జైలు నుంచి ఇంటికి పోవడానికి బస్సు చార్జీ వెతుక్కునే మనిషి, ఢిల్లీలో తన నెత్తురు లెక్క చెరిపేశారా లేదా అని ఏ భాషలో అడుగుతాడు?

డీఎన్‌ఏ పరీక్షే వద్దని నేను అనడం లేదు. అట్లా అనేవాళ్లతో కూడా నేను కలవను. 2023 జూన్‌లో ఒడిశాలో బాలాసోర్ దగ్గర రైళ్లు ఢీకొన్నప్పుడు గుర్తుపట్టలేని శవాలను ఇంటివాళ్లకు అప్పగించింది ఆ పరీక్షే. మన ఆడపిల్ల మీద అత్యాచారం జరిగితే, డాక్టరు ఆ రోజే నమూనా తీయాలని మనమే పట్టుబట్టాలి. అడవిలో చనిపోయిన బిడ్డ శవం కోసం మార్చురీ ముందు కూర్చున్న తల్లి తన నెత్తురు ఇస్తానంటే, ఆ కేసుకే వాడి, ఆ పనికే ఆపాలి. కేసు ఉన్నప్పుడు, కోర్టు చెప్పినప్పుడు, నిందితుడు కూడా అడగగలిగినప్పుడు డీఎన్‌ఏ మన పక్షాన నిలబడగలదు. కేసు లేకుండా, పుట్టగానే అందరిదీ తీసి పెట్టుకోవడం వేరు. మొదటిది ప్రశ్నకు జవాబు. రెండోది ప్రశ్న పుట్టకముందే మనిషిని అనుమానితుల్లో నిలబెట్టడం.

టీచర్లుగా మన సంగతి కూడా ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, మన భద్రాచలం ఏజెన్సీ పిల్లలతో సహా, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సరు టీకా ప్రయోగం చేశారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఒప్పుకోలు ఫారాలు చూసింది. 9,543 ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. తల్లిదండ్రులవి కావు. మనలాంటివాళ్లవి.

ఆ అంకె మొదట చదివినప్పుడు వాళ్ల మీద కోపమొచ్చింది. కానీ పోయినేడు మా బడిలో సికిల్‌సెల్ ఫారాలు ఎవరు నింపారు? తల్లిదండ్రులు దూరపు గూడేల్లో ఉన్నారు, వాగులు పొంగుతున్నాయి, బృందం రెండు రోజులే ఉంటానంది. సంరక్షకుడి సంతకం అన్న చోట చాలా ఫారాల మీద నేనే పెట్టాను. పిల్లల మంచికే పెట్టాను. ఆ వార్డెన్లూ పిల్లల మంచికే పెట్టామనే అనుకుని ఉంటారు. రేపు నిజంగానే అందరి డీఎన్‌ఏ తీయమని ఉత్తర్వు వస్తే, గూడేల్లో మొదట జరిగేది బడిలోనే. పిల్లలు వరసగా నిలబడేది అక్కడే, సంతకం పెట్టే చేయి సిద్ధంగా ఉండేది అక్కడే.

ఆ భయం ఒకసారి పుడితే పోయేది పోలీసు పని కాదు, వైద్యం. సికిల్‌సెల్ మనలో నిజంగా ఉన్న జబ్బు. నొప్పులతో రాత్రంతా ఏడ్చే పిల్లల్ని హాస్టల్లో నేను చూశాను. 2047 నాటికి ఆ జబ్బును లేకుండా చేస్తామని 2023లో కేంద్రం కార్యక్రమం మొదలుపెట్టింది, ఏడు కోట్ల మందిని పరీక్షించాలంటున్నారు. నెత్తురు ఇస్తే ఠాణాకు పోతుందన్న మాట ఒక్క గూడెంలో పుడితే చాలు, సూది చూసి పిల్లలు అడవిలోకి పరిగెత్తుతారు.

ఈ ఏడు కొత్తగా చేరిన పిల్లలకు మళ్లీ బృందం వస్తుందన్నారు. నెత్తురు ఎన్నాళ్లు ఉంచుతారు, వివరాలు ఎవరు చూడగలరు, వేరే పనికి వాడాలంటే ఎవరిని అడుగుతారు అని వైద్యాధికారికి రాతపూర్వకంగా అడిగాను. జవాబు ఇంకా రాలేదు. ఫారం మాత్రం పదిరోజుల ముందే తెప్పించుకున్నాను. అందులో ఉన్నది కోయలో చెప్పి, పెద్ద పిల్లల చేత రికార్డు చేయించి, ఫోన్లలో గూడేలకు పంపాం. 62 ఫారాల్లో 53 తిరిగొచ్చాయి. మిగతా తొమ్మిదింటి మీద నేను సంతకం పెట్టలేదు. అందులో ఒక పిల్లవాడికి కీళ్ల నొప్పులున్నాయి. వాడి ఊరికి ఆదివారం నడిచి పోయి వాళ్ల అమ్మతో మాట్లాడి వచ్చాను.

పోయినేడు ప్రశ్న అడిగిన తండ్రి తన చిన్నకొడుకును ఈ ఏడు మూడో తరగతిలో చేర్చాడు. ఫారం పట్టుకుని బడికే వచ్చాడు. వేలికి సిరా పూసుకోకముందు, పైన ఏం రాసి ఉందో నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.